బడి పెట్టె డైరీ: ఉచిత పాఠాలు మా తరగతి గదికి చేరేదాకా

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. 8, 9, 10 తరగతుల్లో కలిపి 168 మంది పిల్లలు, అందులో సగానికి దగ్గరగా తండాల నుంచి నడిచొచ్చేవాళ్లే. బడిలో నెట్ అంటే పై అంతస్తు వరండా చివర్లో నిలబడితే దొరికే రెండు గీతల సిగ్నల్. అందుకే ఇంట్లో, బస్టాండులో దించుకున్న ఉచిత పాఠాలను నెట్ లేకుండా పిల్లల ముందు పెట్టడానికి ఏడాది పాటు చేసిన పని ఇది. ఇంకో బడిలో ఎవరైనా మొదలుపెడితే నేను పోగొట్టుకున్న నెలలు వాళ్లకు మిగలాలని తేదీల వారీగా రాసుకున్నదాన్ని సర్ది పెడుతున్నాను. ప్రతి దశ చివర ఖర్చు, గంటలు, తరగతిలో నిజంగా వాడిన పాఠాల లెక్క ఉంటుంది.

దశ 1: ఏరడం (జూన్ 2024 నుంచి జులై రెండో వారం)

బడి తెరిచే నాటికి నా దగ్గర 212 ఫైళ్లు పోగయ్యాయి. వీడియోలు, పీడీఎఫ్‌లు, సిమ్యులేషన్లు (ప్రయోగాన్ని తెర మీద చేసి చూసే ప్రోగ్రాములు), బొమ్మలు. జులై రెండో వారానికి 68 మిగిలాయి. మిగతావాటిలో ఎక్కువ భాగం బాగాలేక తీసెయ్యలేదు. వాటిని మార్చి వాడుకునే హక్కు నాకు లేదు.

నేను చేసిన మొదటి తప్పు ఇదే. ఉచితంగా చూడనిచ్చేదంతా ఓపెన్ అనుకున్నాను. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పీడీఎఫ్ ఎవరైనా పైసా ఇవ్వకుండా దించుకోవచ్చు, కానీ దాంట్లో పాఠాన్ని తిరగరాసి, బొమ్మ మార్చి, నా పేరుతో పంచే హక్కు రాదు. ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అనే మాట 2002లో యునెస్కో సమావేశంలో పుట్టింది. దాని అసలు అర్థం ఐదు పనుల్లో ఉంది: దాచుకోవడం, వాడుకోవడం, మార్చుకోవడం, ఇంకోదానితో కలుపుకోవడం, పంచుకోవడం. మా పిల్లలకు కావాల్సింది మూడోది. మార్చుకోవడానికి వీల్లేని పాఠం ఎంత గొప్పదైనా మా ఊరి తెలుగులోకి రాదు.

ఒక్కో ఫైలుకు నేను పెట్టుకున్న వరుస:

1. ఫైలు దొరికిన పేజీ అడుగున లైసెన్సు చూడు. ఫైలు లోపల చివరి పేజీ కూడా చూడు. రెండూ వేరువేరుగా ఉంటే పక్కన పెట్టు.
2. లైసెన్సు మాటే లేకపోతే తీసెయ్యి. రాయలేదంటే హక్కులన్నీ వాళ్లవే అని అర్థం.
3. క్రియేటివ్ కామన్స్ (సీసీ) అనే ఓపెన్ లైసెన్సుల్లో సీసీ బై అయితే పేరు చెప్పి ఏమైనా చేసుకోవచ్చు. ఎస్‌ఏ ఉంటే మనం మార్చినదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు.
4. ఎన్‌డీ ఉంటే ఉన్నదున్నట్టే వాడాలి. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. తెలుగు చేసి పంచలేం.
5. శీర్షిక, కర్త, మూలం, లైసెన్సు నాలుగూ అప్పుడే పట్టికలో రాసుకో. తర్వాత రాద్దాం అంటే దొరకవు.

లెక్క ఇలా తేలింది. లైసెన్సు లేనివి 71, అనుమతి లేకుండా దించిన వీడియోలు 46, రెండుసార్లు దించినవి, తెరుచుకోనివి 18, ఎన్‌డీ ఉన్నవి 9. మొత్తం 144 పోయాయి. మిగిలిన 68లో మా 8, 9, 10 తరగతుల పాఠాలకు అతికేవి 41.

ఆ 41 ఎక్కువగా ఎక్కడివో చెప్తాను, వెతుక్కునే శ్రమ తగ్గుతుంది. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చాయి. సీసీ బై. ఒక్కో సిమ్యులేషన్ ఒక్క ఫైలుగా దిగుతుంది, నెట్ లేకుండా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, కొన్నిటికి తెలుగు అనువాదం కూడా ఉంది. చదవడంలో వెనుకబడ్డ 8వ తరగతి పిల్లలకు ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ నుంచి తెలుగు కథలు. బొమ్మలకు వికీమీడియా కామన్స్. ప్రభుత్వ ఉచిత పాఠాల వేదిక దీక్షలో పాఠం పాఠానికీ లైసెన్సు విడిగా చూసుకోవాలి. మన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునేది దీక్షే, ఫోన్ యాప్‌లోకి దించి నెట్ లేకుండా చూసే వీలుంది. కన్నడ ఉపాధ్యాయులు తయారుచేసుకున్న కేఓఈఆర్ (కర్ణాటక ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్) కూడా చూశాను. భాష రాకపోయినా ఒక పాఠం చుట్టూ ఏమేం ఉండాలో వాళ్ల అమరిక చూసి నేర్చుకున్నాను.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ. 0. పని 46 గంటలు. తరగతిలో వాడిన పాఠాలు 0.*

దశ 2: పెట్టె (జులై చివర నుంచి ఆగస్టు)

అనుకున్నది: చిన్న కంప్యూటర్ ఒకటి, దానికి రూటర్, పిల్లల చేతుల్లో ట్యాబ్‌లు. బడిలో 10 ట్యాబ్‌లు ఉన్నాయి, 7 పనిచేస్తున్నాయి.

కొన్నవి: రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ రూ. 5,200, 3 ఆంపియర్ల అడాప్టర్ 650, 128 జీబీ కార్డు 950, రూటర్ 1,100, ఫ్యాన్ ఉన్న డబ్బా 450. మొత్తం రూ. 8,350. పాఠాలు పెట్టడానికి కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అది నెట్ లేని బడుల కోసమే తయారైంది, తెరమీది మీటలు తెలుగులో కనిపిస్తాయి, ఫెట్ సిమ్యులేషన్లు దానిలో ఒక చానల్‌గా దొరుకుతాయి.

మొదటి వారమంతా పెట్టె దానంతటదే ఆగి మళ్లీ మొదలయ్యేది. అడాప్టర్ రావడం ఆలస్యమైందని ఫోన్ ఛార్జర్ పెట్టాను, అదీ కారణం. మల్టీమీటర్ పెట్టి చూస్తే పిల్లలు ఎక్కువమంది తెరిచినప్పుడు 4.58 వోల్టులకు పడిపోతోంది. 4.63 కిందికి పోతే ఈ బోర్డు వోల్టేజి తక్కువైందని హెచ్చరిస్తుంది. సరైన అడాప్టర్ వచ్చాక 5.06 దగ్గర నిలబడింది.

అసలు దెబ్బ ఆగస్టు మూడో వారంలో తగిలింది. పెట్టెను పరీక్షిస్తుండగా మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక పెట్టె లేవలేదు. కార్డు పాడైంది. మూడు సాయంత్రాలు కూర్చుని మళ్లీ అంతా ఎక్కించాను. సరిగ్గా 8 రోజులకు అదే జరిగింది. మా ఊర్లో కరెంటు పోకుండా ఉండాలని కోరుకుంటూ పెట్టె నడపలేం. కరెంటు పోయినా ఆగని పెట్టె కావాలి.

ఇన్వర్టర్ ధరలు కనుక్కున్నాను. అప్పుడు ల్యాప్‌టాప్‌లు బాగుచేసే దేవరకొండ కుర్రాడొకతను చెప్పిన మాటతో దారి దొరికింది: "సార్, తెర పగిలిన ల్యాప్‌టాప్ తీస్కోండి. బ్యాటరీ దాంట్లనే ఉంటది గద." నిజమే. సర్వర్‌కు (ట్యాబ్‌లకు పాఠాలు అందించే కంప్యూటర్‌కు) తెర అక్కర్లేదు. రూ. 3,500కు తెర పగిలిన ల్యాప్‌టాప్, 1,500కు 240 జీబీ ఎస్ఎస్‌డీ. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి కొలిబ్రి ఎక్కించాను. ప్లగ్ తీసి పరీక్షించాను: 43 నిమిషాలు నడిచింది. అంటే ఒక పీరియడ్. రూటర్‌కు మాత్రం బ్యాటరీ లేదు కాబట్టి కరెంటు పోతే ల్యాప్‌టాప్ తానే హాట్‌స్పాట్ ఇచ్చేలా పెట్టాను. అలా 5 ట్యాబ్‌ల వరకు తడబడకుండా నడుస్తుంది.

మొదలుపెట్టేవాళ్లు నేరుగా పాత ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టండి. నా 8,350లో రూటర్ తప్ప మిగతా 7,250 ఈ పనికి అవసరం లేకపోయింది. ఆ చిన్న కంప్యూటర్ ఇప్పుడు లెక్కల సారు గదిలో టీవీకి తగిలించి ఉంది, అక్కడ బాగానే పనికొస్తోంది.

ఇంకో మూడు చిన్న సంగతులు:

1. సర్వర్ అడ్రసు మారకుండా రూటర్‌లో కట్టెయ్యండి. మొదట్లో రోజుకో అడ్రసు వచ్చి పిల్లలు తిప్పలు పడ్డారు. ఇప్పుడు గోడమీద పెయింటుతో రాసి ఉంది: 192.168.1.10:8080.
2. 7 ట్యాబ్‌లలో 3 సిమ్యులేషన్లు తెరవలేదు. బ్రౌజర్ పాతది. కొత్తది ఎక్కిస్తే 2 బాగయ్యాయి, మూడోది కథల పుస్తకాలకు వాడుతున్నాం.
3. వీడియోల నాణ్యత 480 గీతలకు (480పీ) కుదించండి. 720 మీద 4 ట్యాబ్‌ల తర్వాత ఆగి ఆగి నడిచాయి.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ. 13,350. పని 84 గంటలు. తరగతిలో వాడిన పాఠాలు 0.*

ఆ సున్నా చూసి ఆగస్టు చివర్లో నాకు నిజంగా బాధేసింది. రెండున్నర నెలలు పెట్టె చుట్టూ తిరిగాను, పిల్లల దగ్గరికి ఏమీ చేరలేదు. ఒక్క పాఠమైనా కాగితం మీద ముందే తయారుచేసి ఉంటే ఈ నెలలు ఇంత ఖాళీగా పోయేవి కావు.

దశ 3: భాష (సెప్టెంబర్ నుంచి దసరా సెలవులు)

2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్‌గా వస్తున్నాయి. మా పిల్లలు పరీక్ష ఇంగ్లిష్‌లో రాసినా అర్థం చేసుకునేది తెలుగులో. తండా పిల్లలకైతే ఆ తెలుగు కూడా బడిలో నేర్చిన భాషే, ఇంట్లో మాట్లాడేది లంబాడీ. అందుకే ప్రతి సిమ్యులేషన్‌కూ ఒక పేజీ తెలుగు కాగితం తప్పనిసరి అనుకున్నాను: ఏం నొక్కాలి, ఏం చూడాలి, ఏం రాయాలి.

మాటల దగ్గర చిక్కొచ్చింది. వేర్వేరు చోట్ల దించినవాటిలో ఒకదాంట్లో నిరోధం అని, ఇంకోదాంట్లో నిరోధకత అని, మరోదాంట్లో రెసిస్టెన్స్ అని తెలుగు లిపిలో ఉంది. ఆ ఫైళ్లలో మూడూ ఒకే అర్థంతో వాడారని నాకు తెలుసు. 10వ తరగతి అమ్మాయి మూడింటికీ మూడు నిర్వచనాలు అడిగింది. ఆ రోజే మిగతా పని ఆపి, మన పాఠ్యపుస్తకంలో ఉన్న మాటనే ప్రమాణంగా పెట్టుకుని 64 మాటల పట్టిక రాశాను. పాఠ్యపుస్తకం మాట, ఇంగ్లిష్ మాట ఎలా పలకాలో తెలుగు లిపిలో, పిల్లలు వాడే మాట. మూడో వరుస పిల్లలనే అడిగి నింపాను. 11 గంటలు పట్టింది. ఇదే మొదటి నెలలో చేసి ఉంటే బాగుండేది.

పాత ప్రశ్నపత్రాలది వేరే గోస. పదేళ్ల నుంచి మేం తయారుచేసుకున్నవన్నీ డీటీపీ వాళ్లు పాత ఫాంట్లలో కొట్టినవి. కంప్యూటర్లన్నీ ఒకేలా చదివే యూనికోడ్ కాదు. కాపీ చేసి పెడితే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి వస్తాయి. మార్చే ఉపకరణంతో 4 పేజీలు మార్చి చూశాను. 1,240 మాటల్లో 96 తప్పులు, ఎక్కువగా ర వత్తు, క్ష, సున్నా దగ్గర. "ప్రవాహం" కాస్తా "పవాహం" అయింది. దిద్దడానికి గంటా 15 నిమిషాలు. కొత్తగా టైపు చేస్తే 2 గంటలు. దిద్దడమే మేలు, కానీ దిద్దినదాన్ని వేరే మనిషి చదవాలి. నా కంటికి నా తప్పులు కనబడలేదు, బయాలజీ మేడం చదివితే ఇంకో 14 దొరికాయి. కొత్త కాగితాలకు గూగుల్ ఫాంట్స్‌లో దొరికే మండలి, రామభద్ర ఫాంట్లు వాడుతున్నాను. ఇవి కూడా ఓపెన్ లైసెన్సువే, ఎవరి కంప్యూటర్‌లోనైనా ఎక్కించుకోవచ్చు.

లంబాడీలో పరిచయాలు: మా బడిలోనే చదివి ఇప్పుడు డిగ్రీ చేస్తున్న అమ్మాయి ఒకరు పాఠానికి రెండు నిమిషాల చొప్పున చెప్పడానికి ఒప్పుకుంది. గొంతు ఆమెది కాబట్టి సీసీ బై అంటే ఏమిటో, ఎవరైనా వాడుకోవచ్చన్న సంగతి ముందే చెప్పి, కాగితం మీద సంతకం తీసుకున్నాను. వేపచెట్టు కింద తీసిన మొదటి 3 రికార్డింగులు గాలి చప్పుడుతో పనికిరాలేదు. కాలరుకు పెట్టుకునే మైకు రూ. 350 పెట్టి కొని, స్టోర్ రూములో పాత మ్యాప్‌ల మధ్య కూర్చోబెట్టి తీస్తే శుభ్రంగా వచ్చాయి.

మొదటి కాగితం తయారుచేయడానికి 3 గంటల 40 నిమిషాలు పట్టింది. పన్నెండోది గంటా పది. తేడా అంతా ఆ 64 మాటల పట్టిక వల్లే.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ. 13,700. పని 136 గంటలు. సిద్ధమైన పాఠాలు 14.*

దశ 4: తరగతి గది (అక్టోబర్ చివర నుంచి డిసెంబర్)

10-ఎ, 34 మంది. విద్యుత్ వలయాల సిమ్యులేషన్. ట్యాబ్‌కు ఐదారుగురు. పాఠానికి ముందు 5 చిన్న ప్రశ్నలు, తర్వాత అవే 5.

10 నిమిషాలు గడిచాయో లేదో ఒక మూల నుంచి కేక: "సారూ, మంట!" బ్యాటరీ రెండు కొసలనూ ఒట్టి తీగతో కలిపితే ఈ సిమ్యులేషన్‌లో బ్యాటరీ మీద మంట కనిపిస్తుంది. ఆ తర్వాత అందరూ అదే చేశారు. కాగితంలో నేను అడిగిన పట్టిక ఒక్క జట్టు పూర్తిచేసింది. ముందు సగటు 5కు 1.9, తర్వాత 2.3. ఒక పీరియడ్‌కు ఇంత తక్కువ ఫలితం అంటే పాఠం పారలేదన్నట్టే.

ఆ రాత్రి కాగితం తిరగరాశాను. మూడు మార్పులు:

1. ముందు నిజం బల్బు, నిజం సెల్లు. ట్యాబ్ రెండో పీరియడ్‌లోనే.
2. మంట దాచకుండా దాన్నే మొదటి ప్రశ్న చేశాను: ఏం చేస్తే మంట వస్తుంది, అప్పుడు మీటరులో అంకె ఎంత, నిరోధం ఎంత?
3. ట్యాబ్‌కు ఐదారుగురు కాదు, ముగ్గురు. మిగతావాళ్లు అదే సమయంలో బల్లమీద నిజం వలయం కడతారు. 15 నిమిషాలకు మార్పు.

10-బి, 33 మంది. ఒక్కోటి రూ. 300 చొప్పున మల్టీమీటర్లు రెండు 600, టార్చి బల్బులు, హోల్డర్లు, తీగ కలిపి ఇంకో 480. మొదటి రోజే ఒక మీటరు ఫ్యూజు పోయింది. ఎర్ర తీగ కరెంటు కొలిచే రంధ్రంలో ఉండగానే సెల్లుకు అడ్డంగా పెట్టారు. ఫ్యూజులు నాలుగు కొని పెట్టుకోండి, 40 రూపాయలు. తర్వాత ఆ రంధ్రం మీద ఎర్ర టేపు అంటించాం. సారు దగ్గరికొచ్చి అడిగితేనే టేపు తీయాలి.

ఇక్కడ జరిగినదాన్ని కాస్త నిదానంగా రాస్తాను. ఒక జట్టు కొలత: ఒక సెల్లుతో 1.48 వోల్టులు, 0.21 ఆంపియర్లు. రెండు సెల్లులతో 2.95 వోల్టులు, 0.29 ఆంపియర్లు. భాగిస్తే మొదటిది 7 ఓమ్‌లు, రెండోది 10 ఓమ్‌లు. అదే పిల్లలు ట్యాబ్‌లో చేస్తే బల్బు నిరోధం వోల్టేజి ఎంత పెంచినా ఒక్కటే అంకె. వెనక బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది: "సార్, మాదే తప్పు కొలిచినమా, గా ట్యాబ్ తప్పు చూపిస్తున్నదా?"

రెండూ తప్పు కాదు. టార్చి బల్బులోని ఫిలమెంటు వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది. మేం వాడిన సిమ్యులేషన్‌లోని మామూలు బల్బును అర్థం సులువు కావడానికి మారని నిరోధంగా పెట్టారు. ఓమ్ నియమం చెప్పేటప్పుడు "ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటే" అని పాఠ్యపుస్తకంలో ఉండే మాటను నేను ఏళ్ల తరబడి చదివేసి ముందుకెళ్లాను. ఆ మాట ఎందుకుందో ఆ రోజు వాళ్ల చేతిలోని అంకెల్లో కనబడింది. బల్బు తీసి మామూలు రెసిస్టర్ పెట్టి మళ్లీ కొలిపించాను. ఈసారి రెండు కొలతలకూ ఒకే అంకె వచ్చింది.

10-బి ఫలితం: ముందు 2.0, తర్వాత 3.6. రెండు సెక్షన్లు, చిన్న పరీక్ష, దీన్నిబట్టి ఎవరికీ ఏమీ నిరూపించను. కానీ కాగితం మార్చాలో వద్దో తేల్చుకోవడానికి నాకు సరిపోయింది. 10-ఎ పిల్లలకు కొత్త పద్ధతిలో మళ్లీ చేయించాను. వాళ్లకు ఒక పీరియడ్ బాకీ ఉన్నాననిపించింది.

పాత 14లో రెండు కాగితాలు తీసేశాను, తెర చూసి జవాబు కాపీ చేసేలా ఉన్నాయి. కొత్తవి 5 చేరాయి. కాగితాల జిరాక్స్ 67 మందికి 6 పేజీల చొప్పున రూ. 402.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ. 15,222. పని 165 గంటలు. వాడుకలో ఉన్న పాఠాలు 17.*

దశ 5: మా నీళ్ల పాఠం (డిసెంబర్ నుంచి జనవరి)

నీటిలో ఎక్కువైతే పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ గురించి ఇంగ్లిష్‌లో ఓపెన్ పాఠాలు దొరికాయి. తెలుగులో, హైస్కూల్ పిల్లల స్థాయిలో, మార్చుకోవడానికి వీలున్నది నాకు దొరకలేదు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అని మన జిల్లా పేరు పెట్టి పిలుస్తోంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970ల్లో తీసుకొచ్చిన పద్ధతి అది. టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. మా 10వ తరగతిలో ఎంతమందికి తెలుసని అడిగితే ఒక్క చెయ్యి లేవలేదు. ఈ ఒక్క పాఠం కోసమైనా ఈ పనంతా చేయాలని ఆ రోజు అనుకున్నాను.

వికీపీడియాలో ఉన్న సమాచారం సీసీ బై ఎస్‌ఏ. దాని నుంచి రెండు పేరాలు తీసుకుని తేలిక తెలుగులోకి తిరగరాశాను. వేరేచోట దొరికిన మంచి బొమ్మ పెట్టాక లైసెన్సు చూసుకుంటే ఎన్‌సీ ఎస్‌ఏ. ఈ రెంటినీ కలిపి ఒకే కొత్త బొమ్మగా, పాఠంగా చేసి పంచలేం, రెండూ "నా షరతుతోనే పంచు" అంటాయి. బొమ్మ తీసేసి 9వ తరగతి అబ్బాయితో గీయించాం. గారపట్టిన పళ్ల ఫొటో మా పిల్లలవి తీద్దామని ఒకరు సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. పళ్లు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్లలు మా తరగతుల్లో ఉన్నారు. వాళ్ల ముఖాలు పాఠం కావడానికి వీల్లేదు. గీసిన బొమ్మే పెట్టాం.

పాఠంలో అంకెలు: తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా అని భారత ప్రమాణం. పద్ధతి: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా కలిపితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెల్లటి దూది పింజల్లా ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైనీళ్లు వడకట్టాలి.

ప్రయోగం మూడుసార్లు చేస్తే గానీ కుదరలేదు.

మొదటిసారి: లీటరు బురదనీటికి 500 మిల్లీగ్రాముల పటిక, దానిలో ఇరవయ్యో వంతు, అంటే 25 మిల్లీగ్రాముల సున్నం కావాలి. బడి త్రాసు 25 మిల్లీగ్రాములు తూచదు. అందుకని 50 గ్రాముల పటిక లీటరు నీటిలో, 5 గ్రాముల సున్నం ఇంకో లీటరులో కలిపి పెట్టుకున్నాను. మొదటిదాంట్లో 10 మిల్లీలీటర్లు, రెండోదాంట్లో 5 తీసుకుంటే లెక్క సరిపోవాలి. పింజలు కట్టీ కట్టనట్టు ఏర్పడ్డాయి, గంటైనా దిగలేదు.

రెండోసారి పొరపాటు దొరికింది. సున్నం లీటరు నీటిలో 2 గ్రాముల లోపే కరుగుతుంది. రాత్రికి మిగతాది అడుక్కి పోయింది. నేను పైన ఉన్న సున్నపు తేట తీసి పోశాను. కావాల్సింది సున్నపు పాలు. సీసా బాగా ఊపి, తెల్లగా ఉండగానే తీయాలి. అలా చేస్తే మెరుగైంది, అయినా పుస్తకంలో చెప్పినంత కాదు.

మూడోసారి తప్పు పటికది. కిరాణా కొట్టులో దొరికేది పొటాష్ పటిక. నీళ్ల శుద్ధికి వాడేది అల్యూమినియం సల్ఫేట్. దీన్ని 10వ తరగతి చేత లెక్క కట్టించాను: పొటాష్ పటిక 474 గ్రాముల్లో అల్యూమినియం 27 గ్రాములు, అల్యూమినియం సల్ఫేట్ 666 గ్రాముల్లో 54. మొదటిది 5.7 శాతం, రెండోది 8.1. అంటే మన పటిక 1.4 రెట్లు పోయాలి, 10 బదులు 14 మిల్లీలీటర్లు. పోశాం. 20 నిమిషాల్లో గ్లాసు జాడీ పైసగం తేటపడింది, పింజలు అడుగున రెండు వేళ్ల మందం నిలిచాయి. అణుభారాలు ఎందుకు బట్టీ పట్టాలని ఏటా అడిగే అబ్బాయే ఈ లెక్క బోర్డు మీద చేశాడు.

పాఠంలో పెద్ద అక్షరాల్లో పెట్టిన మాటలు రెండు: ఈ జాడీలో నీళ్లు తాగకూడదు. ఫ్లోరైడ్ ఎంత తగ్గిందో కొలిచే పరికరం మా దగ్గర లేదు, మేం చూసింది పింజలు కట్టడం, దిగడం మాత్రమే. పటిక మోతాదు నీటిని బట్టి మారుతుందని, ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుందని కూడా చేర్చాను. ఇది చదివి ఎవరూ ఇంట్లో బిందెలో పటిక వెయ్యకూడదు.

పాఠం అయ్యాక ఒక అమ్మాయి బల్ల దగ్గరికొచ్చింది. "సార్, మా తాత మెడ తిప్పలేడు. మనిషంతా తిరిగి చూస్తడు. గది గీ నీళ్లతోనేనా?" కావొచ్చు బిడ్డా, ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్ అలాగే ఉంటుంది, డాక్టరే చెప్పాలి అన్నాను. "మరి నేను?" అంది. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి కదా, అవే తాగండి, పొలం దగ్గర బోరు నీళ్లు వద్దని చెప్పాను. మర్నాడు పాఠం కాగితం ఇంకోటి అడిగి తీసుకెళ్లింది. లంబాడీ రికార్డింగు ఈ పాఠానికి 2 నిమిషాలు కాదు, 6 నిమిషాలు చేయించాను.

*ఇప్పటిదాకా: పటిక, సున్నం, జాడీలు 210 కలిపి ఖర్చు రూ. 15,432. పని 198 గంటలు. వాడుకలో ఉన్న పాఠాలు 18.*

దశ 6: పంచడం (ఫిబ్రవరి నుంచి మార్చి 2025)

మూడు పెన్‌డ్రైవ్‌లు, రూ. 900. ఒక్కోదాంట్లో పాఠాలు, మార్చుకోగలిగే అసలు ఫైళ్లు, 64 మాటల పట్టిక, ఎవరి నుంచి ఏం తీసుకున్నానో చెప్పే జాబితా. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే తీసుకున్నవాళ్లు మార్చుకోలేరు. మొదటి పెన్‌డ్రైవ్ అలా పీడీఎఫ్‌లతోనే ఇచ్చి వెనక్కి తెప్పించుకున్నాను.

ఒకటి అచ్చంపేట వైపు పనిచేసే సారుకు వెళ్లింది. మూడు వారాల్లో ఆయన వలయాల కాగితాన్ని సగానికి కుదించి పంపారు. ఆయన బడిలో ట్యాబ్‌లు లేవు, ఒక టీవీ ఉంది. ముందు పిల్లలు ఏం జరుగుతుందో ఊహించి చేతులెత్తడం, తర్వాత తెర మీద చూడడం, ఇదీ ఆయన మార్పు. నా పట్టికలో రెండు మాటలు ఒకదాని స్థానంలో ఒకటి పడ్డాయని కూడా పట్టుకున్నారు. ఆయన కాగితం నా దానికంటే బాగుంది. ట్యాబ్‌లు ఛార్జింగ్ లేని రోజుల్లో ఇప్పుడు నేను అదే వాడుతున్నాను. లెక్కల సారు భిన్నాల మీద, బయాలజీ మేడం జీర్ణవ్యవస్థ మీద రెండేసి పాఠాలు చేర్చారు.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ. 16,332. పని 214 గంటలు. వాడుకలో ఉన్న పాఠాలు 22.*

మిగిలి ఉన్నవి:

1. ఒంటిపూట బడులు మొదలయ్యాయి, మధ్యాహ్నం గదిలో వేడికి ల్యాప్‌టాప్ ఫ్యాన్ గోల పెడుతోంది. విప్పి దుమ్ము తీయాలి. సెలవుల్లో బీరువాలో కాకుండా ఇంటికి తీసుకెళ్లాలి.
2. 9వ తరగతి ధ్వని పాఠానికి రెండు కాగితాలు సగంలో ఉన్నాయి.
3. నీళ్ల పాఠం లంబాడీ రికార్డింగును ఇంకో తండా పెద్దాయనకు వినిపించాను. రెండు మాటలు తమ వైపు వేరేలా అంటారన్నారు. ఆ అమ్మాయితో మళ్లీ కూర్చోవాలి.
4. సున్నపు పాల సీసా మీద "పోసే ముందు ఊపాలి" అని అంటించిన చీటీ తడిసి ఊడిపోయింది. గోడమీది అడ్రసు రాసిన పెయింటు కొంచెం మిగిలింది, రేపు దాంతో సీసా మీదే రాయాలి.